‘అందరూ’ అంటే ఎవరెవరు? ఖుర్ఆన్‌లో, ఫిఖ్హ్ (ఇస్లామీ ధర్మశాస్త్రం)లో ఆమ్, ఖాస్ సంగతి (ప్రసంగ పాఠం)

అస్సలాము అలైకుం. పెద్దలకు, విద్యార్థులకు, వెనక వరసలో కూర్చున్న లా కాలేజీ పిల్లలకు అందరికీ. ఉపోద్ఘాతం పెట్టుకోకుండా ఆయతుతోనే మొదలుపెడతాను.

అన్ఆమ్ సూరా, 82వ ఆయతు. ‘విశ్వసించి, తమ విశ్వాసంలో ఏ జుల్మునూ (అన్యాయాన్నీ) కలపనివారికే అభయం’ అని దాని భావం. ఇది విని సహాబాలు, అంటే ప్రవక్త (స) సహచరులు, దిగులుపడ్డారు. ‘యా రసూలల్లాహ్, మాలో తనకు తాను అన్యాయం చేసుకోనివాడు ఎవడున్నాడు?’ అని అడిగారు. బుఖారీ సంకలనంలో ఉన్న హదీసు, అంటే ప్రవక్త (స) మాటల, చేతల ఉల్లేఖనం, ఇది. ప్రవక్త (స) ఏమన్నారు? మీరనుకున్నది కాదు, లుఖ్మాన్ తన కొడుకుతో చెప్పింది వినలేదా, షిర్కే, అంటే అల్లాహ్‌కు సాటి కల్పించడమే, పెద్ద జుల్మ్ అన్నారు. లుఖ్మాన్ సూరా 13వ ఆయతు అది.

ఇప్పుడు చెప్పండి, సహాబాలు తప్పు చదివారా? లేదు. అరబీలో నకిరా, అంటే ‘అల్’ లేని నామవాచకం, ‘లేదు, కాదు’ అన్న మాట కింద పడితే అది దేన్నీ వదలదు. ఏ జుల్మైనా అందులోకి వస్తుంది. వాళ్ళ భాష వాళ్ళకు తెలుసు, సరిగ్గానే చదివారు. ‘అలా అందరికీ అని ఎందుకు అనుకున్నారు’ అని ప్రవక్త (స) మందలించలేదు కూడా. ఇక్కడ ఉద్దేశం ఫలానా జుల్మ్ అని చెప్పారు. ఊరికే చెప్పారా? ఇంకో ఆయతు చూపించి చెప్పారు.

నేనివాళ చెప్పేదంతా ఈ రెండు అడుగులే. మాట అందరినీ పట్టుకుంటే అందరికీ అనే తీసుకోవాలి, ఇది మొదటి అడుగు. అందులోంచి ఎవరినైనా బయటికి తీసే ఆధారం ఉందా అని వెతకాలి, ఇది రెండో అడుగు. మొదటి అడుగు వెయ్యనివాళ్ళు ఒక రకం, రెండో అడుగు వెయ్యనివాళ్ళు ఇంకో రకం. మన ఊళ్ళో రెండు రకాలకూ కొదవ లేదు.

ఉసూల్ పండితులు, అంటే ధర్మశాస్త్ర సూత్రాలు చెప్పేవాళ్ళు, మొదటి మాటను ఆమ్ అంటారు. దాని కిందికి వచ్చే వ్యక్తులందరినీ, ఇంతమంది అని హద్దు లేకుండా, ఒక్కసారే పట్టే మాట. తీసేసే ఆధారం ఖాస్. తీసేసే పనికి తఖ్సీస్ అని పేరు. ఆమ్‌ను ఎలా గుర్తుపట్టాలి? ‘కుల్’, ‘జమీ’ అన్న మాటలుంటే చెప్పనక్కర్లేదు. ‘మన్’, ‘మా’, అంటే ఎవరైతే, ఏదైతే అనేవి. ‘అల్’ తగిలించిన బహువచనం. ‘మీ సంతానం విషయంలో’ అన్నట్టు ఒకరికి చేర్చి చెప్పిన బహువచనం, నిసా సూరా 11వ ఆయతులో వారసత్వం మొదలయ్యేది దీంతోనే. ఇందాక చెప్పిన నకిరా. ఒక్కోసారి ఏకవచనం కూడా. అస్ర్ సూరా మీకందరికీ నోటికి వచ్చు కదా. ‘ఇన్నల్ ఇన్సాన లఫీ ఖుస్ర్’. ఇన్సాన్ ఏకవచనమే. మరి ఒక్క మనిషే నష్టంలో ఉన్నాడా? వెంటనే ‘ఇల్లల్లజీన ఆమనూ’, విశ్వసించినవాళ్ళు తప్ప, అని బహువచనంతో మినహాయింపు వచ్చింది. ఒక్కడిలోంచి పదిమందిని తీసెయ్యలేం. తీసేశారంటే లోపల అందరూ ఉన్నట్టే. మినహాయింపు పడుతుందా లేదా అన్నదే ఆమ్‌కు కొలత. అనుమానం వస్తే ‘ఫలానావాళ్ళు తప్ప’ అని చేర్చి చూడండి. అతికితే ఆమ్.

ముత్లఖ్‌తో మాత్రం కలపకండి. ‘ఒక ఆవును కోయండి’ అని బఖరా సూరా 67లో ఉంది. అది ఆమ్ కాదు. ఏ ఆవైనా సరే, కానీ ఒక్కటి. ఆవులన్నీ కాదు. ఆమ్ అందరినీ పడుతుంది, ముత్లఖ్ ఎవరో ఒకరితో సరిపెట్టుకుంటుంది. అంతే, ముందుకు పోదాం.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. ‘యా అయ్యుహల్లజీన ఆమనూ’, ఓ విశ్వాసులారా, అంటే పుంలింగ బహువచనం. ఆడవాళ్ళు ఇందులో ఉన్నారా?

సహీహ్ ముస్లిం అనే హదీసు సంకలనంలో ప్రవక్త (స) భార్య ఉమ్మె సలమా (రజి) గారి హదీసు ఉంది. పనిమనిషి ఆమె తల దువ్వుతోంది. మింబర్ (మసీదు వేదిక) మీంచి ప్రవక్త (స) ‘అయ్యుహన్నాస్’, ప్రజలారా, అని పిలవడం వినిపించింది. ‘కాస్త పక్కకు జరుగు’ అన్నారామె. ఆ పిల్ల, ఆయన పిలిచింది మగవాళ్ళనండీ, ఆడవాళ్ళను కాదు అంది. ఉమ్మె సలమా ఏమన్నారు? ‘నేనూ ప్రజల్లో మనిషినే.’ ఉసూల్ తరగతిలో గంట చెప్పే పాఠం ఆ ఒక్క జవాబులో ఉంది. ‘నాస్’ అన్నా, ‘మన్’ అన్నా ఆడ మగ తేడా లేదు, ఇందులో పండితులు దాదాపు ఒక్కటే మాట మీద ఉన్నారు. నిసా సూరా 124లో ‘మన్’ అని, వెంటనే ‘మగవారైనా ఆడవారైనా’ అని విడమరిచి చెప్పింది కూడా.

పేచీ ఉన్నది పుంలింగ బహువచనం దగ్గరే. భాషాపరంగా అందులో స్త్రీలు లేరు, వేరే ఆధారంతోనే చేరతారు అన్నవాళ్ళున్నారు. భాషాపరంగానే ఉన్నారు అన్నవాళ్ళూ ఉన్నారు. ఖుర్ఆన్‌లో మగవాళ్ళ ప్రస్తావన వచ్చినట్టు మా ప్రస్తావన ఎందుకు రాలేదని ఉమ్మె సలమా గారే అడిగారని, అప్పుడే అహ్జాబ్ సూరా 35వ ఆయతు దిగిందని రివాయతు, అంటే ఉల్లేఖనం. ‘ముస్లిం పురుషులు, ముస్లిం స్త్రీలు, మోమిన్ (విశ్వాసి) పురుషులు, మోమిన్ స్త్రీలు’ అంటూ పది జంటలు వరసగా వస్తాయందులో. రెండు పక్షాలవాళ్ళూ ఈ ఆయతునే చూపిస్తారు, అది తమాషా. అయితే ఫలితం దగ్గర ఇద్దరూ కలుస్తారు. నమాజు, ఉపవాసం, జకాత్ (విధి దానం) ఆజ్ఞలన్నీ పుంలింగంలోనే వచ్చాయి, అవి స్త్రీలకు లేవని ఎవరూ అనలేదు. జుమా, అంటే శుక్రవారపు నమాజు, చూడండి. జుముఆ సూరా 9వ ఆయతూ పుంలింగంలోనే ఉంది. స్త్రీలకు జుమా తప్పనిసరి కాదన్నది ఆ పుంలింగం వల్ల కాదు. అబూ దావూద్‌లోని హదీసులో స్త్రీ, పిల్లవాడు, రోగి, బానిస అని విడిగా పేర్లు పెట్టి మినహాయించారు కాబట్టి. తేడా గమనించారా? వ్యాకరణం తీసెయ్యలేదు, దలీల్, అంటే ఆధారం, తీసేసింది.

లా పిల్లలకు ఇది కొత్తేం కాదు. 1897 జనరల్ క్లాజెస్ చట్టం 13వ సెక్షన్ చూడండి. పుంలింగ పదాల్లో స్త్రీలు కలిసినట్టే, ఏకవచనంలో బహువచనం కలిసినట్టే, విషయమో సందర్భమో అడ్డు చెప్పకపోతే. అలా అడ్డు చెప్పే సూచననే మన ఉసూల్ వాళ్ళు ఖరీనా అంటారు.

సరే, రెండో ప్రశ్న. ఆయతు ఒక మనిషి గురించి దిగింది. ఆ మనిషికేనా, అందరికీనా? పండితులందరికీ నోట్లో ఉండే సూత్రం: ‘అల్ ఇబ్రతు బి ఉమూమిల్ లఫ్జ్, లా బి ఖుసూసిస్ సబబ్.’ లెక్కలోకి వచ్చేది మాటలోని విస్తృతి, సందర్భంలోని ప్రత్యేకత కాదు. సూత్రం పండితులు పెట్టుకున్నదే, మూలం మాత్రం ప్రవక్త (స) మాటలో ఉంది. ఒకతను పరాయి స్త్రీని ముద్దు పెట్టుకుని, పశ్చాత్తాపంతో వచ్చి చెప్పుకున్నాడు. హూద్ సూరా 114 దిగింది: పుణ్యకార్యాలు పాపకార్యాలను తుడిచేస్తాయి. ‘ఇది నా ఒక్కడికేనా?’ అని అడిగాడు. నా ఉమ్మత్, అంటే నా అనుచర సమాజం, అందరికీ అన్నారు ప్రవక్త (స). బుఖారీ, ముస్లిం రెండిట్లోనూ ఉంది.

జిహార్ సంగతీ అంతే. భార్యను ‘నువ్వు నాకు మా అమ్మ వీపులాంటిదానివి’ అనడం జిహార్. ముజాదలా సూరా మొదటి ఆయతులు ఖౌలా బిన్త్ సఅలబా, ఆమె భర్త ఔస్ బిన్ సామిత్ విషయంలో దిగాయి. మాట మాత్రం ‘అల్లజీన యుజాహిరూన’, అలా అనేవాళ్ళంతా. కాబట్టి ఇవాళ మెహదీపట్నంలో ఒకడు అన్నా అదే కఫ్ఫారా, అంటే ప్రాయశ్చిత్తం. బానిసను విడిపించాలి. అది కుదరకపోతే వరసగా రెండు నెలలు ఉపవాసం. అదీ చేతకాకపోతే 60 మంది పేదలకు భోజనం. ఈ మూడూ వరసలో వెళ్ళాలి, ఏది తేలికైతే అది ఎంచుకోవడం కాదు.

మరి సందర్భం దేనికీ పనికిరాదా? పనికొస్తుంది, ఎవరిని ఉద్దేశించారో తెలుసుకోవడానికి. ముష్రికులను, అంటే బహుదైవారాధకులను, చంపమన్న తౌబా సూరా 5వ ఆయతును ఒక్కదాన్నే కోసి ఫోన్లలో తిప్పుతుంటారు, మనవాళ్ళలో కొందరు, మనకు పడనివాళ్ళలో కొందరు. ‘ముష్రికులను’ అని ఉంది కదా, ‘అల్’ ఉన్న బహువచనం కదా, ఆమ్ కదా అంటారు. బాబూ, దాని ముందున్న 4వ ఆయతు చదివావా? ఒప్పందం నిలబెట్టుకున్నవాళ్ళు మినహా అని ఉంది. తర్వాతి 6వ ఆయతు చదివావా? ఆశ్రయం అడిగితే ఇచ్చి, అతనికి భద్రమైన చోటికి చేర్చు అని ఉంది. 7వ ఆయతులో మళ్ళీ ఒప్పందం మాట. 13వ ఆయతు వీళ్ళు ఎవరో చెప్తుంది, ప్రమాణాలు తెంచుకుని మొదట చెయ్యి చేసుకున్నవాళ్ళు. ముందు ఒకటి, వెనక రెండు ఆయతులు చదవనివాడికి ఆమ్ గురించి మాట్లాడే అర్హత ఎక్కడిది?

తఖ్సీస్ ఎన్ని రకాలుగా జరుగుతుందో గబగబా చెప్తాను. బుద్ధి తీసేస్తుంది: ‘అల్లాహ్ ప్రతి వస్తువుకూ సృష్టికర్త’, జుమర్ సూరా 62. ఆయన తనను తాను సృష్టించుకున్నాడని ఎవరూ అనుకోరు. కళ్ళు తీసేస్తాయి: ఆద్ జాతి మీదికి వచ్చిన గాలి ‘ప్రతిదాన్నీ’ నాశనం చేసిందని అహ్‌ఖాఫ్ సూరా 25 చెప్పి, అదే ఆయతులో వాళ్ళ ఇళ్ళు మాత్రం కనబడుతున్నాయంది. కొన్ని చోట్ల మాట అందరూ అన్నా మొదటినుంచీ ఉద్దేశం కొందరే. ఆలి ఇమ్రాన్ 173లో ‘ప్రజలు మీ మీదికి పోగయ్యారని ప్రజలు వాళ్ళతో అన్నారు’ అన్నట్టుగా ఉంటుంది. చెప్పినవాళ్ళు వేరు, పోగైనవాళ్ళు వేరు, విన్నవాళ్ళు వేరు. లోకంలోని ప్రజలంతా ఏ ఒక్కరూ కారు. ఇమామ్ షాఫయీ ఉసూల్ మీద రాసిన తన గ్రంథంలో దీన్నే ఉదాహరణగా తీసుకున్నారు.

ఇక అసలు పని ఎలా జరుగుతుందో ఒక్క మస్అలాలో, అంటే ధర్మ సమస్యలో, ఆఖరుదాకా చూద్దాం. ఇద్దత్, అంటే తలాఖ్ అయ్యాకో భర్త పోయాకో స్త్రీ మళ్ళీ పెళ్ళి చేసుకోకుండా ఆగాల్సిన గడువు, తీసుకుందాం. దారుల్ ఇఫ్తాలకు, అంటే ఫత్వాలిచ్చే కార్యాలయాలకు, వచ్చే ప్రశ్నల్లో ఇది తరచుగా వచ్చేది, తప్పులూ ఎక్కువే.

బఖరా 228: విడాకులు పొందిన స్త్రీలు మూడు ఖురూలు (నెలసరి చక్రాలు) ఆగాలి. ‘అల్ ముతల్లఖాత్’, అల్ ఉన్న బహువచనం, ఆమ్. ఇక్కడే ఆగిపోతే ఏమవుతుంది? నిఖా అయి, కాపురానికి రాకముందే తలాఖ్ అయిన అమ్మాయికీ మూడు ఖురూలు అంటాం. తప్పు. అహ్జాబ్ 49 ఆమెకు ఇద్దతే లేదంది. గర్భిణికీ మూడు అంటాం. తప్పు. తలాఖ్ సూరా 4వ ఆయతు ఆమె గడువు కాన్పు దాకా అంది. నెలసరి ఆగిపోయిన పెద్దామెకు? అదే ఆయతులో మూడు నెలలు. ఇలా ఒక్కొక్కరినీ తీసేశాక మిగిలినవాళ్ళకే 228.

ఇప్పుడు వితంతువు. బఖరా 234: నాలుగు నెలల పది రోజులు. ఇదీ ఆమ్ మాటే. కాపురం కాకముందే భర్త పోతే? అహ్జాబ్ 49 పెట్టి ఇద్దత్ లేదందామా? అనకూడదు. ఆ ఆయతులో మాట తలాఖ్ గురించి, చావు గురించి కాదు. తీసేసే ఆధారం లేదు కాబట్టి ఆమ్ అలాగే నిలబడింది, ఆమెకూ నాలుగు నెలల పది రోజులే. సహాబీ ఇబ్నె మసూద్ (రజి) ఇలాగే తీర్పు చెప్తే, అలాగే భర్త పోయిన బర్వఅ బిన్త్ వాషిఖ్ విషయంలో ప్రవక్త (స) ఇలాగే తీర్పిచ్చారని సాక్ష్యం వచ్చింది. ఆ తీర్పులో ఇద్దత్‌తో పాటు పూర్తి మెహర్ (భార్యకు ఇవ్వాల్సిన పెళ్ళి ధనం), వారసత్వం కూడా ఉన్నాయి. మనవాళ్ళు పొరపడేది ఇక్కడే. ఖాస్ దొరికింది కదా అని దాన్ని దాని హద్దు దాటించి లాగుతారు.

చివరిది, గర్భిణిగా ఉన్న వితంతువు. బఖరా 234లో వితంతువులంతా ఉన్నారు, గర్భిణి అయినా కాకపోయినా. తలాఖ్ 4లో గర్భిణులంతా ఉన్నారు, భర్త వదిలినా పోయినా. రెండు ఆమ్‌లు వచ్చి ఒక స్త్రీ దగ్గర ఢీకొన్నాయి. ఏం చెయ్యాలి? అలీ, ఇబ్నె అబ్బాస్ (రజి) రెండిట్లో ఏది ఎక్కువ కాలమైతే అది అన్నారు. జాగ్రత్త మార్గం అది. ఇబ్నె మసూద్ మాత్రం తలాఖ్ సూరా తర్వాత దిగింది, దాని మాటే చెల్లుతుంది అన్నారు. తేల్చింది సుబైఆ అస్లమియా హదీసు. ప్రవక్త (స) చివరి హజ్ అయిన హజ్జతుల్ విదా కాలంలో ఆమె భర్త పోయారు, కొద్ది రోజులకే కాన్పయింది. నాలుగు నెలల పది రోజులు గడవాల్సిందే అని ఒకాయన అడ్డుపడితే, ఆమె నేరుగా ప్రవక్త (స) దగ్గరికి వెళ్ళి అడిగారు. కాన్పుతోనే నీ గడువు తీరింది అన్నారు. నాలుగు మజ్హబ్‌లూ, అంటే సున్నీ ధర్మశాస్త్ర శాఖలూ, ఇదే మాట మీద ఉన్నాయి. లెక్క సంగతి కూడా చెప్తాను, అడుగుతారు కాబట్టి: గర్భిణి కాని వితంతువు భర్త చంద్రమాసం మొదటి రోజున పోతే నెలవంకల లెక్క. నెల మధ్యలో పోతే ఇమామ్ అబూ హనీఫా మాట ప్రకారం 130 రోజులు. ఇంగ్లీషు క్యాలెండర్ నెలలు లెక్కపెట్టి పొరబడేవాళ్ళున్నారు, అది కాదు.

ఇక ఇమాములు విడిపోయిన చోటుకొద్దాం. ఆమ్ ఎంత గట్టిది? ఇమామ్ అబూ హనీఫాను అనుసరించే హనఫీలు ఏమంటారంటే, ఇంకా ఎవరినీ తీసెయ్యని ఆమ్ ఖతయీ, నిశ్చయం. ఖుర్ఆన్‌లోని అలాంటి మాటను ఖబరె వాహిద్, అంటే ఒకరిద్దరి రివాయతుగా వచ్చిన హదీసు, తగ్గించలేదు. మష్హూర్ స్థాయి, అంటే చాలామంది ద్వారా ప్రసిద్ధమైన, హదీసు కావాలి. ఒకసారి తఖ్సీస్ అయితే ఆ గట్టిదనం పోతుంది, ఆపైన ఖబరె వాహిద్ కూడా తీసెయ్యగలదు. షాఫయీలు, మిగతా జుమ్హూర్ (అధిక సంఖ్యాక పండితులు), ఆమ్ ఎప్పుడూ జన్నీయే, అంటే నిశ్చయం కానిదే, సహీహ్ (ప్రామాణిక) హదీసు చాలు అంటారు. హనఫీ పక్షం వాదన పూర్తిగా కావాలంటే ఇమామ్ సరఖ్సీ రాసిన ‘ఉసూల్’ గ్రంథం చదవండి. దాన్ని పరిష్కరించి వెలుగులోకి తెచ్చింది మన హైదరాబాదే, మౌలానా అబుల్ వఫా అఫ్ఘానీ చేతుల మీదుగా. ఆ సంగతి ఊళ్ళోవాళ్ళకే తెలియదు!

దీని ఫలితం మీ పళ్ళెంలోనే కనబడుతుంది. మన ఊళ్ళోని బార్కస్ పేటలో హద్రమీ (యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతపు) అరబ్బుల వారసులు షాఫయీలు. మిగతా ఊరు చాలామటుకు హనఫీ. రొయ్యల కూర వండితే బార్కస్‌లో ప్రశ్నే రాదు. ఎందుకని? సముద్రం గురించి హదీసు ‘అల్ హిల్లు మైతతుహు’, దానిలో చచ్చినది హలాల్ అంది. ‘దానిలో చచ్చినది’ అన్నది ఆమ్, నీటి జీవులన్నీ వచ్చాయి. హనఫీలు ఖుర్ఆన్‌లోని ‘చచ్చిన జంతువు నిషిద్ధం’ అన్న ఆమ్‌ను పట్టుకుని, చేపలకు, మిడతలకు పేరు పెట్టి అనుమతించిన హదీసు మేరకే తీసేశారు. కాబట్టి హనఫీ ఇంట్లో ప్రశ్న మారిపోతుంది: రొయ్య చేపా, కాదా? అరబీ నిఘంటుకారులు చేపల్లో చేర్చారు కాబట్టి తినొచ్చు అన్న ముఫ్తీలున్నారు. వెన్నెముకే లేదు, చేపెలా అవుతుంది అన్నవాళ్ళూ ఉన్నారు. చూశారా, వాళ్ళు సూత్రం గురించి కొట్లాడటం లేదు, రొయ్య ఆ మాట కిందికి వస్తుందా అని కొట్లాడుతున్నారు. ఎండ్రికాయ సంగతి అడక్కండి, అది నీళ్ళలోనూ ఒడ్డునా బతుకుతుందని షాఫయీ గ్రంథాల్లోనే విడిగా తీసేసినవి ఉన్నాయి.

ఊరవతల పొలాలున్నవాళ్ళకు ఉష్ర్, అంటే పంట మీది జకాత్, మస్అలా. ఒక హదీసు: వాన నీటితో పండినదానిలో పదో వంతు, తోడిపోసి పండించినదానిలో ఇరవయ్యో వంతు. ‘పండినది’ అంటే ఎంతైనా, ఆమ్. ఇంకో హదీసు: ఐదు వసఖుల లోపు జకాత్ లేదు. వసఖ్, సాఅ పాత కొలతలు; ఒక వసఖ్ 60 సాఅలు, ఐదు వసఖులు 300 సాఅలు. ప్రసిద్ధమైన లెక్కలో సుమారు 653 కిలోలు. హనఫీ సాఅ పెద్దది కాబట్టి ఆ లెక్కలో తొమ్మిది వందల కిలోలు దాటుతుంది. ఇమామ్ అబూ హనీఫా మొదటి హదీసునే నిలబెట్టారు, కొంచెం పండినా ఉష్ర్ ఉంది. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ ఇద్దరూ, తక్కిన ఇమాములూ రెండో హదీసుతో తఖ్సీస్ చేశారు. వానకు పండిన జొన్నలు నాలుగు క్వింటాళ్ళు వచ్చాయనుకోండి. ఇమామ్ అబూ హనీఫా మాట ప్రకారం 40 కిలోలు తీయాలి, బోరు నీళ్ళతో అయితే 20. శిష్యుల మాట ప్రకారం ఏమీ లేదు. వడ్లు పొట్టుతో నిల్వ పెడతారు కాబట్టి షాఫయీ ఫుఖహా (ధర్మశాస్త్రవేత్తలు) వాటికి పది వసఖులు అన్నారు, అదీ గుర్తుంచుకోండి. మన భూములు ఉష్రీయా, అంటే ఉష్ర్ పడేవా, కాదా అన్నది వేరే చర్చ, అందులోకి ఇప్పుడు దిగితే ఇషా దాటిపోతుంది.

ఒక్క మాట విద్యార్థులకు. ఫత్వా నోట్‌బుక్కులో ఆమ్ రాసినప్పుడు దాని కిందే మూడు గళ్ళు గీసుకోండి. ఏ మాట వల్ల ఆమ్ అయింది, కుల్ వల్లా, అల్ వల్లా, నకిరా వల్లా. ఎవరిని తీసేశారు, ఏ ఆయతుతో, ఏ హదీసుతో. ఆ హదీసు స్థాయి ఏమిటి, మష్హూరా, ఖబరె వాహిదా. రెండో గడి ఖాళీగా ఉంటే వెంటనే ‘అందరికీ’ అని రాసెయ్యకండి. ముందు అదే విషయం మీద వచ్చిన ఆయతులన్నీ, ఆ అధ్యాయంలోని హదీసులన్నీ తిరగెయ్యండి. అప్పటికీ ఖాళీగానే ఉంటే, అప్పుడు ధైర్యంగా అందరికీ అని రాయండి. మూడో గడి నింపలేకపోతే సంతకం పెట్టకుండా ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్ళండి. ప్రశ్నలుంటే చీటీల మీద రాసి ముందుకు పంపండి, రొయ్యల చీటీలు తప్ప.